చెవులు కప్పే నిశ్శబ్దం: నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ ఏం ఆపుతాయి, ఏం వదిలేస్తాయి

ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లి చెవులు మొత్తం కప్పే వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ చూపించమంటే, అమ్మే కుర్రాడు ముందుగా చెప్పేది డెసిబెల్స్ లెక్క. ‘ఇది ముప్పై తగ్గిస్తుంది సార్, ఇది యాభై తగ్గిస్తుంది’ అంటాడు. పెట్టె మీదా ఆ అంకే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రోజూ గంటల తరబడి దాన్ని తలకు పెట్టుకుని పనిచేసే మనిషికి ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. అది సాధారణంగా ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠ ఫలితం. బస్సులో ఒకలా, వంటింటి పక్క గదిలో ఒకలా, ఆఫీసులో మాటల మధ్య మరోలా ఉంటుంది దాని పనితనం. మనం అడగాల్సింది వేరు: ఏ చప్పుడును తగ్గిస్తుంది, దేన్ని వదిలేస్తుంది? ఈ హెడ్‌ఫోన్స్ వల్ల వచ్చే సుఖం, ఇబ్బంది, ఇంట్లో రుసరుసలు, రోడ్డు మీద ప్రమాదం, చెవికి జరిగే మేలు కీడు అన్నీ ఆ ప్రశ్నతోనే ముడిపడి ఉన్నాయి.

శబ్దం అంటే గాలిలో ఒత్తిడి పెరగడం, తగ్గడం. హెడ్‌ఫోన్ కప్పు బయటా లోపలా అమర్చిన చిన్న మైకులు ఆ హెచ్చుతగ్గులను పట్టుకుంటాయి. చిప్ వాటికి సరిగ్గా వ్యతిరేకంగా ఉండే అలను లెక్కగట్టి స్పీకరులోంచి వదులుతుంది. ఒత్తిడి పెరిగేచోట ఇది తగ్గిస్తుంది, తగ్గేచోట పెంచుతుంది. రెండూ చెవి దగ్గర కలిసేసరికి చాలా భాగం రద్దయిపోతాయి. ఊగుతున్న ఉయ్యాలను ఎదురుగా తోసి ఆపడం లాంటిదే ఇది. ఉయ్యాల ఒకే లయలో నెమ్మదిగా ఊగుతుంటే ఎప్పుడు తోయాలో చేతికి తెలుస్తుంది. వేగంగా, అడ్డదిడ్డంగా కదిలితే తోపు తప్పిపోతుంది. ఒక్కోసారి ఊపును ఇంకా పెంచుతుంది.

గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్ల వేగంతో వెళ్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర, అంటే బస్సు ఇంజిను హోరు లాంటి చోట, ఒక్కో అల పొడవు మూడున్నర మీటర్లకు కాస్త తక్కువ. అంత పొడవైన అలకు ఎదురు అలను సరిపెట్టడంలో కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా నష్టం లేదు. 5000 హెర్ట్జ్ దగ్గర అల పొడవు ఏడు సెంటీమీటర్లే. అక్కడ చిన్న తేడా వచ్చినా రద్దు కావలసిన శబ్దం రద్దు కాదు. అందుకే సుమారు వెయ్యి హెర్ట్జ్ దాటాక ఎలక్ట్రానిక్స్ చేసేది తక్కువ. పైస్థాయి శబ్దాలను అడ్డుకునేది ప్లాస్టిక్ కప్పు, దాని చుట్టూ ఉన్న మెత్త. ఏ కంపెనీ తలకిందులైనా ఈ భౌతిక సూత్రాన్ని దాటిపోలేదు. ధర పెరిగితే చిప్ చురుకుదనం పెరుగుతుంది, మైకుల సంఖ్య పెరుగుతుంది, హద్దు కొంచెం పైకి జరుగుతుంది. హద్దు మాత్రం ఉంటుంది.

ఇప్పుడు మన ఇళ్లలో చప్పుళ్లను ఈ కొలతతో చూడండి. సీలింగ్ ఫ్యాను, ఏసీ, కూలరు, ఆర్టీసీ బస్సు ఇంజిను, రైలు పెట్టె కింది గడగడ, విమానం హోరు, అపార్ట్‌మెంటు సెల్లారులో జనరేటరు: ఇవన్నీ నిలకడగా సాగే కిందిస్థాయి శబ్దాలు. స్విచ్ వేయగానే ఇవి ఆశ్చర్యపడేంతగా పలచబడిపోతాయి. అంతసేపూ ఆ హోరు మన మీద ఉందన్న సంగతే అది పోయినప్పుడు గాని తెలియదు. ఆటో హారను, కుక్కర్ విజిల్, పాత్రలు కింద పడిన శబ్దం, కుక్క అరుపు, పసిపిల్ల ఏడుపు, పక్కింటి టీవీలో సీరియల్ మాటలు వేరే జాతి. ఇవి దూరంగా జరిగినట్టు వినిపిస్తాయి కానీ పోవు. పైగా హోరు పోయాక మాటలు మునుపటికంటే స్పష్టంగా తెలుస్తాయి కూడా. మిక్సీ మధ్యలో ఉంటుంది: దాని గుర్రుమనే కింది భాగం పోయి, కీచుమనే పై భాగం మిగులుతుంది. ‘అంత డబ్బు పోశాను, పక్క క్యాబిన్ వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి’ అని నిరాశపడే వాళ్లంతా వస్తువు చేయలేని పనిని ఆశించినవాళ్లే. వాళ్లకు ఆ సంగతి ముందుగా చెప్పాల్సిన బాధ్యత అమ్మినవాళ్లది.

ఈ పరికరం పుట్టుక తెలిస్తే ఈ గుణం ఎందుకు వచ్చిందో ఇంకా బాగా అర్థమవుతుంది. ఎదురు అలతో శబ్దాన్ని అణచవచ్చన్న ఆలోచనకు జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ లూయెగ్ 1936లో అమెరికా పేటెంటు పొందాడు. అప్పటికి దాన్ని పనిచేయించగల ఎలక్ట్రానిక్స్ లేవు. 1950ల్లో హెలికాప్టర్, విమాన పైలట్ల కోసం లారెన్స్ ఫోగెల్ ఇదే దారిలో పేటెంట్లు తీసుకున్నాడు. 1978లో అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్ వెళ్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్స్‌లో పాట ఇంజిను హోరుకు మునిగిపోవడం చూసి, ఆ ప్రయాణంలోనే లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. ఆయన తండ్రి స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన మనిషి. బోస్ అప్పట్లో ఎంఐటీలో ఆచార్యుడు. 1986లో ఎక్కడా ఆగకుండా, ఇంధనం నింపుకోకుండా భూమిని చుట్టి వచ్చిన వాయేజర్ విమానంలో ఇద్దరు పైలట్లూ బోస్ కంపెనీ నమూనా హెడ్‌సెట్లు వాడారు. 1989లో అవి పైలట్ల కోసం మార్కెట్లోకి వచ్చాయి. జర్మనీలో సెన్‌హైజర్ కంపెనీ కూడా లుఫ్తాన్సా పైలట్ల కోసం అదే దశకంలో ఇలాంటి పనే చేసింది. మామూలు ప్రయాణికుల కోసం బోస్ క్వైట్‌కంఫర్ట్ 2000లో వచ్చింది. తీగ లేకుండా పనిచేసే క్వైట్‌కంఫర్ట్ 35, సోనీ ఎండీఆర్-1000ఎక్స్ రెండూ 2016లో వచ్చాయి. మనం ఈరోజు బల్ల మీద పెట్టుకుని పనిచేసే వస్తువు అసలు విమానం ఇంజిను కోసం పుట్టింది. మాటల నుంచి కాపాడటం దాని మొదటి పని ఎన్నడూ కాదు.

ఇక తల మీద అది ఎలా కూర్చుంటుందన్నది నా లెక్కలో చిప్ కంటే ముఖ్యం. మెత్త చెవి చుట్టూ ఖాళీ లేకుండా ఆనితేనే లోపల ఒక మూసిన గది తయారవుతుంది. ఆ గదికి ఎక్కడైనా సందు ఉంటే కిందిస్థాయి శబ్దాలు ముందుగా అందులోంచే దూరతాయి. పాటలో బేస్ కూడా అందులోంచే కారిపోతుంది. కళ్లజోడు కాడ మందంగా ఉంటే సందు ఏర్పడుతుంది. చెవి వెనక ఒత్తుగా జుట్టు ఉంటే, బుట్టకమ్మలు, జూకాలు పెట్టుకుంటే, చెవి మీదుగా చున్నీ వేసుకుంటే అదే ఇబ్బంది. పెద్ద దుద్దులు మెత్త కింద నలిగి, అరగంటకే చెవి తమ్మె నొప్పి పుడుతుంది. ఎత్తుగా ముడి వేసుకుంటే తలపట్టీ ముందుకు జారుతుంది. ఈ వస్తువును పరీక్షించి రాసేవాళ్లలో కమ్మలు పెట్టుకునే మనిషిని దృష్టిలో పెట్టుకున్నవాళ్లు బాగా తక్కువ. కొనేముందు రోజూ పెట్టుకునే కమ్మలతో, కళ్లజోడుతో దుకాణంలో పదిహేను నిమిషాలు పెట్టుకుని కూర్చోండి. అలా కూర్చోనివ్వని దుకాణంలో కొనకండి. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి పంపే గడువు ఎంతో చూసుకోండి.

బరువు సంగతి కూడా ఇక్కడే. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 సుమారు 250 గ్రాములు. 2020 డిసెంబరులో వచ్చిన యాపిల్ ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ దాదాపు 385 గ్రాములు. చేతిలో పట్టుకుంటే ఆ తేడా పెద్దగా అనిపించదు. సాయంత్రానికి మెడకు తెలుస్తుంది.

వేడి, చెమట గురించి చల్లటి దేశాల్లో రాసే సమీక్షల్లో ఒక వాక్యం ఉంటే ఎక్కువ. మనకు అది సగం సమస్య. మే నెలలో విజయవాడలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో చెవులు మూసే ఈ మెత్తలను పెట్టుకుని గంటసేపు కూర్చోవడం శిక్ష. చెమట లోపలే నిలిచి దురద పుడుతుంది. చెవిలో గుల్లలు, చీము లాంటి ఇబ్బంది ఉన్నవాళ్లు అసలు జాగ్రత్తగా ఉండాలి. మెత్తలకు తొడిగే కృత్రిమ తోలు చాలా వరకు పాలీయురెథేన్. గాలిలో తేమ దాన్ని నెమ్మదిగా విరగ్గొడుతుంది. అందుకే విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రతీరపు ఊళ్లలో అది నల్లని పొరలుగా లేచి చెవులకు, జుట్టుకు అంటుకుంటుంది. బీరువాలో వాడకుండా దాచినా ఊడుతుంది. వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవడం, మధ్యలో విరామం ఇవ్వడం, వీలైతే నూలు తొడుగు వేయడం తప్ప దీనికి వేరే మందు లేదు. నూలు తొడుగు వేస్తే మెత్త ఆనడంలో కొంత సందు వస్తుందని తెలిసే వేయాలి.

ఫోను మాటల దగ్గర జనం పొరపడేది ఎక్కువ. నా చెవికి చప్పుడు తగ్గడం వేరు, నా మాట వినే అవతలి మనిషికి నా చుట్టూ ఉన్న చప్పుడు తగ్గడం వేరు. మొదటిది ఏఎన్‌సీ, రెండోది మైకు దగ్గర జరిగే పని, దాన్ని ఈఎన్‌సీ అని అమ్ముతారు. తక్కువ ధర పెట్టెల మీద ‘ఈఎన్‌సీ’ అని పెద్దగా రాసి ఉంటే, చెవికి నిశ్శబ్దం వస్తుందనుకుని తీసుకెళ్లే వాళ్లు చాలామంది. ఆ వస్తువులో చెవికి సంబంధించిన శబ్ద నివారణ అసలు లేకపోవచ్చు. దీని తిరగేసిన సమస్య ఇంకోటి: మనకు లోపల అంతా ప్రశాంతంగా ఉండటంతో అవతల కూడా అలాగే ఉందనుకుంటాం. రాత్రి అమెరికా టీముతో మీటింగులో ఉన్న మనిషికి వీధిలో మోత తగ్గిపోతుంది. అక్కడ కూర్చున్న పదిమందికీ మాత్రం అదంతా వినిపిస్తూ ఉంటుంది. మన గొంతు మనకు సరిగ్గా వినిపించక అరిచి మాట్లాడటం మరో అలవాటు. మన గొంతును మనకే వినిపించే ఏర్పాటు కొన్ని మోడళ్లలో ఉంది. రోజూ కాల్స్‌లో ఉండేవాళ్లు ముందు దాన్నే వెతుక్కోవాలి.

బ్లూటూత్ సంగతి క్లుప్తంగా చెప్తాను. పాట వినేటప్పుడు ఒక పద్ధతి, మైకు తెరవగానే మరో పద్ధతి నడుస్తాయి. అందుకే కాల్ మొదలవగానే ధ్వని నాణ్యత ఒక్కసారి పడిపోతుంది; హెడ్‌ఫోన్ పాడైందని కంగారుపడనక్కరలేదు. ఎల్‌డాక్ అనే బ్లూటూత్ ధ్వని పద్ధతి సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదని గొప్పగా చెప్తారు కానీ ఐఫోన్‌లో అది లేదు, కదిలే బస్సులో ఆ తేడా వినిపించదు కూడా. ఒకేసారి ఫోనుకూ లాప్‌టాప్‌కూ కలిసి ఉండగలగడం నిజంగా పనికొచ్చే సౌకర్యం. తీగ పెట్టుకునే రంధ్రం ఉంటే ఇంకా మంచిది. విమానంలో సీటు ముందున్న తెరకు అదే ఆధారం.

చెవి ఆరోగ్యం విషయంలో నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది: సరిగ్గా వాడితే ఇవి చెవికి మేలు చేస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్‌ను, పిల్లలకు అదే సమయానికి 75 డెసిబెల్స్‌ను హద్దుగా సూచించింది. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగిన సమయం సగానికి పడిపోతుంది. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు, అలా. పన్నెండు నుంచి ముప్పై అయిదేళ్ల మధ్య వయసున్న వంద కోట్ల మందికి పైగా జనం అతిగా వినడం వల్ల వినికిడి కోల్పోయే ప్రమాదంలో ఉన్నారని 2022లో ఆ సంస్థ చెప్పింది. ఇక్కడ బస్సు హోరు కీలకం. ఇంజిను పక్కన కూర్చుని మామూలు ఇయర్‌ఫోన్స్‌తో పాట వింటే, ఆ హోరును దాటించడానికి వేలు తనంతట తానే వాల్యూమ్ మీదకు వెళ్తుంది. ఆ హోరు ముందే తగ్గిపోతే సగం వాల్యూమ్‌లో పాట నిండుగా వినిపిస్తుంది. ఈ పరికరం మనిషికి చేసే నిజమైన ఉపకారం ఇదే. పక్కవాళ్ల మాటలను కూడా ముంచేయాలని వాల్యూమ్ పెంచేవాళ్లు మాత్రం ఆ ఉపకారాన్ని తీసేసుకుంటున్నారు. చాలా ఫోన్లలో వారం మొత్తం ఎంత శబ్దం విన్నామో చూపించే లెక్క, పెద్ద శబ్దాన్ని అడ్డుకునే హద్దు ఉంటాయి. పిల్లల ఫోన్లలో ఆ హద్దును తల్లిదండ్రులు పెట్టి తీరాలి.

మేలు ఉందని చెప్పి ఇబ్బందులను దాచడం న్యాయం కాదు. స్విచ్ వేయగానే కొందరికి విమానం దిగుతున్నప్పుడు చెవులు మూసుకుపోయినట్టు ఉంటుంది, తల తిరుగుతుంది, నొప్పి వస్తుంది. నిజానికి గాలి ఒత్తిడి మారదు. కిందిస్థాయి శబ్దాలు హఠాత్తుగా మాయమవడాన్ని మెదడు అలా అర్థం చేసుకుంటుందన్నది ఎక్కువమంది చెప్పే వివరణ. అలాంటివాళ్లు తగ్గింపు స్థాయిని కిందికి దించుకోవాలి, అప్పటికీ తగ్గకపోతే మానేయాలి. చెవిలో నిరంతరం గుయ్యిమనే టిన్నిటస్ ఉన్నవాళ్లకు బయటి చప్పుడు పోగానే లోపలి మోత పెద్దదవుతుంది. సన్నగా వానచప్పుడో, ఫ్యాను చప్పుడో పెట్టుకోవడం వాళ్లకు నయం. మామూలు శబ్దాలే భరించలేని వాళ్లకు ఇవి ఊరట. ఆటిజం ఉన్న పిల్లలు పెళ్లిపందిట్లో, రైల్వే స్టేషన్లో వీటివల్ల కుదుటపడటం చూసిన తల్లిదండ్రులకు దీని విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా రోజంతా చెవులు మూసే ఉంచితే శబ్దం పట్ల సున్నితత్వం ఇంకా పెరుగుతుందని వినికిడి నిపుణులు హెచ్చరిస్తారు. చిన్న వయసు నుంచి అతిగా వాడితే గోలలో మాటను విడదీసి వినే శక్తి దెబ్బతింటుందేమోనన్న చర్చ 2025లో బ్రిటన్‌లో గట్టిగా సాగింది. అలా దెబ్బతింటుందని ఇప్పటికి రుజువు కాలేదు. రుజువయ్యేదాకా ఆగకుండా, రోజులో కొన్ని గంటలు చెవులను ఊరి చప్పుళ్లకు తెరిచి ఉంచడంలో మనకు పోయేదేమీ లేదు.

ఇంట్లో గొడవ దాదాపు అన్నిచోట్లా ఒకే రకం. ‘ఎన్నిసార్లు పిలవాలిరా, చెవుడా?’ అని అమ్మ. ‘వినపడలేదమ్మా’ అని కొడుకు. అతను అబద్ధం చెప్పడం లేదు. శబ్ద నివారణ ఒక్కటే ఉంటే అమ్మ పిలుపు వినిపించేది. దానితో పాటు పాట కూడా నడుస్తుండటం వల్ల పిలుపు మునిగిపోయింది. కానీ అమ్మకు కనిపించేది తనను లెక్కచేయని చెవి. పెద్దవాళ్లు గదిలోకి వచ్చి మాట మొదలుపెడితే, బయటి శబ్దాన్ని లోపలికి పంపే ట్రాన్స్‌పరెన్సీ మీట నొక్కి ‘చెప్పండి’ అనడం సాంకేతికంగా చాలు, మర్యాదగా చాలదు. హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకోవాలి. ఎదుటి మనిషికి మన చెవి కనిపించాలి. పొయ్యి మీద కుక్కర్ పెట్టి, ఉయ్యాలలో పిల్లను పడుకోబెట్టి ఇవి పెట్టుకోవడం ఎంతమాత్రం తగదు. ఇంట్లో ఒక్కరే ఉన్న వృద్ధుల బాధ్యత మీదుంటే ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి.

హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు, అమీర్‌పేట హాస్టళ్లలో నలుగురితో ఒకే గది పంచుకునే వాళ్లు ఇప్పుడు వీటివైపు చూస్తున్నారు. వాళ్లకు నా మాట ఒకటే. మీ ఇబ్బంది ఫ్యాను, కూలరు, రోడ్డు హోరు అయితే అయిదారు వేల నుంచి పదివేల లోపు దొరికే పేరున్న మోడల్ చాలు. మీ ఇబ్బంది తోటివాళ్ల మాటలైతే, ముప్పై వేలు పోసినా తీరదు. చెవిలో వత్తుకునే నురుగు ఇయర్‌ప్లగ్స్ కొన్ని పదుల రూపాయలకు మందుల దుకాణంలో దొరుకుతాయి. మాటల మీద అవి చేసే పని చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ఇంట్లో అప్పు చేయించి ఖరీదైనది కొనకండి.

రోడ్డు విషయంలో సర్దుబాటుకు తావు లేదు. బండి నడిపేటప్పుడు, రోడ్డు దాటేటప్పుడు, రైలు పట్టాల దగ్గర ఇవి చెవుల మీద ఉండకూడదు. ఈ పరికరం అన్నిటికంటే బాగా అణచేది దూరంగా వస్తున్న లారీ హోరును, రైలు గడగడను. సరిగ్గా అవే మనను హెచ్చరించే శబ్దాలు. హారను వినిపిస్తుందిలే అనుకోవచ్చు. హారను మోగేసరికి బండి మీదికి వచ్చేసి ఉంటుంది. 2018 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ దగ్గర కాపలా లేని రైలు గేటు వద్ద స్కూల్ వ్యానును రైలు ఢీకొని 13 మంది పిల్లలు చనిపోయారు. డ్రైవరు చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయని అప్పట్లో అధికారులు చెప్పారు. ఆ వార్త చదివిన ఎవరికైనా ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉంది కదా అన్న వాదన నచ్చదు. ఉదయం నడకకు, ఒంటరిగా రాత్రి ఇంటికి వచ్చే దారికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఇవి ఎన్నాళ్లు మన్నుతాయన్నది చివరికి మరమ్మతు దగ్గర తేలుతుంది. లోపలి లిథియం బ్యాటరీ కొన్ని వందలసార్లు నిండి ఖాళీ అయ్యాక బలహీనపడుతుంది. ముప్పై గంటలు వచ్చేది అంతకంతకూ తగ్గుతుంది. స్పీకర్లు బాగుంటాయి, చిప్ బాగుంటుంది, బ్యాటరీ ఒక్కటే పోతుంది. మెత్తలు పోతాయి, మడత దగ్గర ప్లాస్టిక్ విరుగుతుంది. నా పాత హెడ్‌ఫోన్స్ మడత విరిగినప్పుడు సర్వీస్ సెంటరులో ఆ చిన్న ముక్క విడిగా దొరకదన్నారు; కొత్తది కొంటే కొంత తగ్గింపు ఇస్తామన్నారు. పనిచేస్తున్న మిగతా భాగమంతా చెత్తలోకి వెళ్లాలన్నమాట. ఇది ఎక్కడో ఒకచోట జరిగిన సంగతి కాదు, ఈ వ్యాపారం మొత్తం ఇలాగే నడుస్తోంది. 2023లో ఫెయిర్‌ఫోన్ కంపెనీ ఫెయిర్‌బడ్స్ ఎక్స్ఎల్ పేరుతో భాగాలన్నీ విడదీసి, బ్యాటరీని వాడేవాళ్లే మార్చుకోగల హెడ్‌ఫోన్స్ తెచ్చింది. అంటే చేయడం సాధ్యమే. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి పరికరాల్లో బ్యాటరీ మార్చుకునే వీలు ఉండాలని చట్టం వచ్చింది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. దానికి చట్టబలం ఇంకా కావాలి. హైదరాబాద్ శివార్లలోని కొంగరకలాన్‌లో 2023 మేలో శంకుస్థాపన జరిగిన ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో ఇప్పుడు ఎయిర్‌పాడ్స్ తయారవుతున్నాయి. అంత సూక్ష్మమైన పని చేయగల చేతులు మన దగ్గరే ఉన్నాయి. కోఠి గుజరాతీ గల్లీలో, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్లో ఎంతటి బోర్డునైనా విప్పి బాగుచేసే పనిమంతులు ఉన్నారు. వాళ్లకు అసలు విడిభాగాలు దొరికేలా కంపెనీలను ప్రభుత్వం ఒప్పించాలి.

కొన్న తర్వాత కూడా వస్తువు పూర్తిగా మన చేతిలో ఉండదన్నది మరో చిక్కు. 2019లో బోస్ క్వైట్‌కంఫర్ట్ 35 వాడేవాళ్లు చాలామంది ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత శబ్ద నివారణ తగ్గిందని ఫిర్యాదు చేశారు. కంపెనీ విచారణ జరిపి, అప్‌డేట్ వల్ల తగ్గలేదని ప్రకటించింది. ఎవరి మాట సరైనదో తేల్చుకునే సాధనం ఇంట్లో ఎవరి దగ్గరా ఉండదు. ఆ మోడళ్లలో మెత్తలు అరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. అందుకే నివారణ తగ్గిందనిపిస్తే ముందు మెత్తలు మార్చి చూడండి. బ్యాటరీ విషయంలో ఇంకో జాగ్రత్త: విమాన ప్రయాణంలో వీటిని చెక్‌ఇన్ సామానులో పెట్టకండి. 2017 ఫిబ్రవరిలో బీజింగ్ నుంచి మెల్‌బోర్న్ వెళ్తున్న విమానంలో ఒక ప్రయాణికురాలు నిద్రలో ఉండగా హెడ్‌ఫోన్స్ బ్యాటరీ పేలి ఆమె ముఖం, చేతులు కాలాయి. క్యాబిన్‌లో కాబట్టి సిబ్బంది నీళ్లు పోసి ఆర్పగలిగారు.

ఎవరు కొనాలి? విమానాల్లో, దూరపు బస్సుల్లో, రైళ్లలో తరచూ తిరిగేవాళ్లు, ఏసీ హోరు మధ్య రోజంతా కూర్చునేవాళ్లు, శబ్దం భరించలేని పిల్లలున్న ఇళ్లు కొనాలి. వాళ్లకిది విలాసం కాదు. అందులోనూ నిన్నటి తరం మోడల్‌ను తగ్గింపులో తీసుకోవడం తెలివైన పని, ఎందుకంటే కిందిస్థాయి శబ్దాన్ని అణచడంలో తరానికీ తరానికీ మధ్య తేడా ప్రకటనల్లో ఉన్నంత ఉండదు. మెత్తలు విడిగా దొరుకుతాయా, మడత గట్టిదా, బ్యాటరీ మార్చే సర్వీసు మీ ఊళ్లో ఉందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరక్కుండా ముప్పై వేలు ఖర్చుపెట్టకండి.

ఇంత చెప్పాక ఒక సంగతి వదిలేయలేను. నిశ్శబ్దం కొనుక్కోగలిగిన వాళ్లు కొనుక్కుంటున్నారు. రోడ్డు పక్క టీ బండి నడిపే మనిషి, ట్రాఫిక్ కానిస్టేబులు, ఆర్టీసీ డ్రైవరు, ఇటుక బట్టీ దగ్గర కూలీ ఆ చప్పుడులోనే ఉన్నారు. వాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పని చేయలేరు, పెట్టుకోకూడదు కూడా. కిటికీ వేసుకున్నవాళ్లు వీధి గురించి మాట్లాడటం మానేస్తే ఆ వీధి ఎప్పటికీ బాగుపడదు. శబ్ద కాలుష్యం మీద 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ నిశ్శబ్ద మండలాల్లో 50, 40. దేశంలో 2011లో మొదలైన శబ్ద పర్యవేక్షణ కేంద్రాలను తొలి విడతలో ఏడు నగరాల్లో పెట్టారు, వాటిలో హైదరాబాద్ ఒకటి. ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో నిషేధించారు. చట్టం ఉంది, కొలిచే యంత్రం ఉంది. ఫిర్యాదు చేసే జనం తక్కువ. రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్య వర్తించే ఆంక్షలను ఎవరైనా మీరినా, శబ్దం హద్దును 10 డెసిబెల్స్ లేదా అంతకంటే ఎక్కువ దాటినా ఫిర్యాదు చేసే హక్కు ఆ 2000 నిబంధనల్లో ఏడోది ప్రతి పౌరుడికీ ఇచ్చింది. మీ చెవుల మీద మంచి హెడ్‌ఫోన్స్ ఉన్నా సరే, ఆ ఫిర్యాదు చేయండి.